ఎనిమిది కోణాలు, రెండే కొలతలు

చిరంజీవులకు ఆశీస్సులు.

"తాతయ్యా, రెండు సమాంతర రేఖలను ఒక గీత ఖండించే పటంలో ఎనిమిది కోణాలుంటే ఒక్కటే ఇచ్చి తక్కినవన్నీ కనుక్కోమంటారేమిటి? కొలవకుండా ఎలా తెలుస్తాయి?" అని మీలో చిన్నవాడు అడిగాడు. సదృశ కోణాలు, ఏకాంతర కోణాలు అని పేర్లు వల్లించే ముందు ఒక కత్తెర తెచ్చుకోండి.

దానిని కొద్దిగా తెరిచి, మధ్యనున్న మేకు దగ్గర చూడండి. రెక్కల మధ్య సందు ఎంత తెరుచుకుంటే అటు పిడుల వైపూ అంతే తెరుచుకుంటుంది. ఇవే శీర్షాభిముఖ కోణాలు. పక్కపక్కనున్న రెండు కోణాలు కలిసి ఒక సరళరేఖ మీద ఇముడుతాయి కనుక వాటి మొత్తం 180 డిగ్రీలు. ఒకటి 70 అయితే పక్కది 110, దాని పక్కది మళ్లీ 70. చిన్నప్పుడు నేను అక్క కుట్టుపెట్టెలోని కత్తెరను తెరుస్తూ మూస్తూ, ఒక కన్ను మూసి ఆ మేకు వైపే చూస్తుండేవాణ్ణి. పదును పోతుందని ఆవిడ లాక్కునేదాకా ఆ ఆట సాగేది.

ఇప్పుడు పొడవాటి రెక్క ఒకటి రెండు కత్తెరలకూ ఉమ్మడిగా ఉందనుకోండి. అదే తిర్యగ్రేఖ. మిగిలిన రెండు రెక్కలు సమాంతర రేఖలు. అవి సమాంతరంగా ఉన్నాయంటే రెండు కత్తెరలూ ఒకే మేరకు తెరుచుకున్నాయన్నమాట. పై కత్తెరను తిప్పకుండా ఉమ్మడి రెక్క వెంట కిందికి జరిపితే కింది కత్తెర మీద అచ్చంగా కూర్చుంటుంది. అలా ఒకదానిపై ఒకటి కూర్చునేవి సదృశ కోణాలు. జరిపిన తరువాత మేకుకు ఎదురుగా ఉన్న సందును చూస్తే ఏకాంతర కోణం దొరుకుతుంది. రేఖల నడుమ తిర్యగ్రేఖకు ఒకే వైపునున్న రెండూ కలిస్తే 180. రెండో కత్తెర పిడి ఎటు పోయిందని మాత్రం అడగకండి, ఈ పోలిక అంత లాగుడుకు ఆగదు.

ఏకాంతర కోణాలు 3x + 10, 5x − 30 అని ఇస్తే రెండింటినీ సమానం చేయండి. x విలువ 20, కోణం 70. ఇందులో పెద్ద విశేషం లేదు. నాకు ఇష్టమైనది విరిగిన గీత లెక్క. పై రేఖ మీది ఒక బిందువు నుంచి కిందికి వచ్చిన గీత నడుమ ఒకచోట మలుపు తిరిగి కింది రేఖను చేరుతుంది. మలుపు మొన పొడుచుకొచ్చిన వైపున, గీత పై రేఖతో 40 డిగ్రీలు, కింది రేఖతో 55 డిగ్రీలు చేస్తోంది. మలుపు దగ్గర కోణమెంత? పటంలో తిర్యగ్రేఖే కనబడక చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మలుపు గుండా మూడో సమాంతర రేఖను మీరే గీయండి. ఆ కోణం రెండు ముక్కలవుతుంది. పై ముక్క 40కి ఏకాంతరం, కింది ముక్క 55కి ఏకాంతరం, మొత్తం 95. లేని గీతను గీసుకునే చొరవ ఉన్నవారికే రేఖాగణితం లొంగుతుంది. అయితే రేఖలు సమాంతరమని లెక్కలో చెప్పారో లేదో ముందు చూసుకోండి. కంటికి అలా కనబడితే చాలదు.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈ ఏకాంతర కోణంతోనే భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. వేసవిలో పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజు మధ్యాహ్నం ఈజిప్టులోని సయీన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉంటే, అలెగ్జాండ్రియాలో నిలువు కర్రతో ఎండ చేసిన కోణం వృత్తంలో 50వ వంతు, అంటే సుమారు 7.2 డిగ్రీలు. సూర్యకిరణాలు సమాంతరాలు, కర్ర నుంచి భూకేంద్రానికి సాగే గీత తిర్యగ్రేఖ; కనుక భూకేంద్రం దగ్గరా అదే కోణం. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో హెచ్చిస్తే భూమి చుట్టుకొలత వచ్చింది. ఎవరూ చేరలేని చోట ఉన్న కోణం ఒక కర్ర నీడలో దొరకడం నాకు నేటికీ ఆశ్చర్యమే.

గీతల పుస్తకంలో ఒక త్రిభుజం గీయండి. దాని అడుగు భుజం ఒక గీత మీద, శీర్షం పైనున్న మరో గీత మీద ఉండాలి. శీర్షం దగ్గర ఆ గీతకు కింద పక్కపక్కనే మూడు కోణాలు కనిపిస్తాయి. అవి ఎవరెవరివో చూసి, వచ్చే ఉత్తరంలో నాకు రాయండి.

మీ తాతయ్య