సహానుభూతికి మార్కులు వేసేటప్పుడు

దక్షిణ కొరియాలో 2015 జూలై నుంచి వ్యక్తిత్వ విద్యకు ప్రత్యేక చట్టం ఉంది. పిల్లల్లో పెంచాలని అది చెప్పే ఎనిమిది విలువల్లో గౌరవం, ఎదుటివారి పట్ల శ్రద్ధ, సహకారం ఉన్నాయి. పెరిగాయని చెప్పాలంటే పాఠాలకు ముందూ వెనకా కొలవాలి. చిక్కంతా అక్కడే.

సహానుభూతిని, అంటే ఎదుటివారి మనసును అర్థం చేసుకుని స్పందించే గుణాన్ని, కొలవడానికి పరిశోధకులు తరచూ వాడే కొలమానాల్లో ఒకటి అమెరికా మనస్తత్వవేత్త మార్క్ డేవిస్ 1980లో ఇచ్చిన ప్రశ్నావళి. 28 వాక్యాలు, ఏడేసి చొప్పున నాలుగు భాగాలు: ఎదుటివారి వైపు నుంచి ఆలోచించడం, కథల్లో లీనమవడం, కష్టంలో ఉన్నవారిపై కనికరం, ఇతరుల బాధ చూసి తానే కంగారుపడటం. తనకు ఎంత సరిపోతుందో బట్టి ఒక్కో వాక్యానికి 0 నుంచి 4.

అన్నీ కూడి 112కి మార్కులు వేస్తే కొలత చెడుతుంది. తోటివాడి మోకాలు చీరుకుపోతే, నర్సు కోసం పరుగెత్తే పిల్లకు మూడో భాగంలో ఎక్కువ వస్తుంది. రక్తం చూసి బిగుసుకుపోయే పిల్లాడికి నాలుగో దాంట్లో. మొత్తంలో ఇద్దరూ సమానమే కావచ్చు. శిక్షణతో ఆ పిల్లాడి భయం తగ్గితే మొత్తం మార్కులూ తగ్గి, పనిచేసిన పాఠమే విఫలమైనట్టు కనిపిస్తుంది! అందుకే నాలుగూ విడివిడిగానే చూడాలి.

28లో 9 వాక్యాలు తిరగేసి రాసినవి, అంటే వాటికి ఔనంటే ఆ గుణం తక్కువని అర్థం. వాటి మార్కును 4లోంచి తీసివేయాలి. మరిచిపోతే ఆ వాక్యం మిగతావాటికి ఎదురు తిరుగుతుంది, విశ్వసనీయతా గుణకం (ఒక భాగంలోని జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే అంకె) దారుణంగా పడిపోతుంది. చిన్న తరగతుల్లో ఇంకో ఇబ్బంది. తెలుగులాగే కొరియన్‌లోనూ క్రియ చివర్లో వస్తుంది. ‘ఇతరుల కష్టం నన్ను పెద్దగా బాధించదు’ లాంటి వాక్యాన్ని చివరి మాట దాకా చదవకముందే కొందరు టిక్కు పెట్టేస్తారు. ఒక్కో వాక్యం పైకి చదివి వినిపిస్తే ఇది తగ్గుతుంది. అలాగని తిరగేసిన వాక్యాలను తీసేయకూడదు, అన్నిటికీ ఒకే గడి నింపే పిల్లలు దొరికేది వాటివల్లే.

ప్రశ్నావళి మూలం ఇంగ్లీషు కాబట్టి, దాని కొరియన్ అనువాదాన్ని మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిపోల్చాలి. ఆపైన నలుగురైదుగురు పిల్లలను ఒక్కో వాక్యం సొంత మాటల్లో చెప్పమనాలి. నా దృష్టిలో ఈ రెండోదే ముఖ్యం.

పత్రాలు క్లాస్ టీచర్ చేతికి వెళ్తాయని తెలిస్తే పిల్లలు మంచి జవాబులే రాస్తారు. పేరు బదులు కోడ్ నంబరు, అంటించే కవరు ఇవ్వాలి. రెండోసారి జత కలపడానికి అదే నంబరు పనికొస్తుంది. తోడుగా ‘బాధలో ఉంటే ఎవరి దగ్గరికి వెళ్తావు?’ అని మూడు పేర్లు అడగవచ్చు. కొత్తగా బడి మారి వచ్చిన పిల్లలకు ఇందులో తక్కువ ఓట్లే పడతాయి కాబట్టి, వాళ్లు చేరిన తేదీ కూడా రాసుకోవాలి.