పెదవి ఎలా అతుక్కుంటుంది: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి, గొంతు వైపు మెల్లగా జరుపుతూ పోండి. ముందు గరుకు మడతలు తగులుతాయి. వాటి మధ్యగా ముందు నుంచి వెనక్కి సన్నని గీత ఒకటి ఉంటుంది. మీ అంగిలి రెండు ముక్కలుగా పెరిగి కలుసుకున్న చోటు అది. ఇప్పుడు అద్దంలో పై పెదవి చూసుకోండి. ముక్కు కింద చిన్న గాడి, దానికి రెండు పక్కలా రెండు గట్లు కనిపిస్తాయి. పెదవి ముక్కలు కలిసింది ఆ గట్ల దగ్గరే.

సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఈ అతుకు పూర్తిగా పడదు. మనం గ్రహణం మొర్రి అనేది దాన్నే. పై పెదవి మీద సన్నని కుట్టు మచ్చ ఉన్నవాళ్లు మీ బడిలోనూ ఉండొచ్చు. అతుకు ఎలా పడుతుంది, ఎందుకు తప్పుతుంది, ప్రయోగశాలల్లో దాని గురించి ఏం తెలుసుకున్నారు అన్నది మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

బిడ్డ కడుపులో పడ్డ నాలుగో వారానికి ముఖం ఇంకా ఉండదు. నోరు కాబోయే గుంట, దాని చుట్టూ ఐదు ఉబ్బులు మాత్రం ఉంటాయి. పైన నుదురు, ముక్కు కాబోయేది ఒకటి, పక్కల పై దవడవి రెండు, కింద కింది దవడవి రెండు. వీటిని నింపే కణాలు అక్కడ పుట్టినవి కావు. మెదడు, వెన్నుపాము కాబోయే గొట్టం పై అంచుల్లో పుట్టి, అక్కడి నుంచి విడిపోయి, ముఖం దాకా నడిచి వస్తాయి. వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటారు. 1868లో విల్హెల్మ్ హిస్ అనే శాస్త్రవేత్త కోడి పిండంలో వీటిని మొదట గుర్తించాడు. అవి ఎక్కడెక్కడికి వెళ్తాయో తేల్చింది మాత్రం ఫ్రాన్సుకు చెందిన నికోల్ లె దువారిన్. కౌజు పిట్ట కణాల కేంద్రకం సూక్ష్మదర్శినిలో కోడిదానికన్నా వేరుగా కనిపిస్తుంది. ఆమె కౌజు పిట్ట కణాలను కోడి పిండంలో నాటి, ఆ గుర్తు పట్టుకుని వాటి దారి కనిపెట్టింది. తర్వాత 2003లో అమెరికాలో బాతు, కౌజు పిట్టల మధ్య ఈ కణాలను అటూ ఇటూ మార్చి చూశారు. బాతు పిండానికి కౌజు పిట్ట ముక్కు, కౌజు పిట్ట పిండానికి బాతు ముక్కు వచ్చాయి! ముఖం ఆకారం ఎలా ఉండాలో చాలావరకు ఈ కణాలు తమతోనే మోసుకొస్తాయన్నమాట.

ఆరో వారం, ఏడో వారం నాటికి మధ్య ఉబ్బు, పక్క ఉబ్బులు పెరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. అప్పుడు పై పెదవి ఏర్పడుతుంది. ఆ సమయంలో పిండం పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. అంగిలి పని ఆ తర్వాత సాగుతుంది. పై దవడ నుంచి రెండు రేకులు బయల్దేరి, మొదట నాలుకకు రెండు పక్కలా కిందికి వేలాడతాయి. ఎనిమిదో వారంలో నాలుక కిందికి జారుతుంది. రేకులు పైకి లేచి, అడ్డంగా పరుచుకుని, మధ్యలో కలుస్తాయి. పన్నెండో వారానికి కొండనాలుక దాకా అతుకు పూర్తవుతుంది. కింది దవడ మరీ చిన్నదైతే నాలుక దిగడానికి చోటుండదు. రేకులు పైకి లేవలేవు. అంగిలి మాత్రమే చీలి, పెదవి బాగానే ఉన్న కొందరు పిల్లల్లో జరిగింది ఇదే. (ఈ వారాలు పిండం ఏర్పడిన రోజు నుంచి లెక్క. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తారు కాబట్టి వాళ్ల లెక్కలో మరో రెండు వారాలు కలుపుకోవాలి.)

గ్రహణం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గర్భిణి గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుంటేనో బయటికొస్తేనో పెదవి చీలుతుందని ఇప్పటికీ చాలా ఇళ్లలో నమ్ముతారు. పెదవి ఏడో వారానికే ఏర్పడిపోతుంది. ఐదో నెలలోనో ఏడో నెలలోనో వచ్చిన గ్రహణం దాన్ని మళ్లీ చీల్చలేదు. ఈ పిల్లలు ఏడాది పొడవునా, ప్రపంచంలో అన్నిచోట్లా పుడుతూనే ఉన్నారు. గర్భిణిని గంటల తరబడి తిండీ నీళ్లూ లేకుండా గదిలో ఉంచడం మాత్రం నిజంగా హాని. బిడ్డ పుట్టాక ఆ తల్లిని "ఏం చేశావు" అని నిలదీయడం అంతకన్నా పెద్ద అన్యాయం.

రెండు రేకులు తాకినంత మాత్రాన అతుక్కుంటాయా? దీన్ని చూడటానికి ఎలుక పిండం అంగిలిని గిన్నెలో పెంచుతారు. ఎలుకలో పదమూడున్నరో రోజుకు రేకులు ఇంకా వేలాడుతూ ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద కింది దవడ, నాలుక తీసేసి, రెండు రేకులనూ కోసి, సన్నని వడపోత పొర మీద అంచులు తాకేలా పక్కపక్కన పేరుస్తారు. ఆ పొరను చిన్న లోహపు జల్లెడ మీద, పోషక ద్రవం పైమట్టానికి సరిగ్గా తగిలేలా ఉంచుతారు. కింద నుంచి ఆహారం, పైనుంచి గాలి అందాలి. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో రెండు మూడు రోజులు పెట్టి, తర్వాత పలచని పొరలుగా కోసి చూస్తారు. ముక్కలు ద్రవంలో మునిగితే గాలి చాలక కణాలు చస్తాయి. అంచుల మధ్య వెంట్రుకంత సందున్నా అతుకు పడదు. ఏ అంచు ఎటు ఉందో గుర్తు తప్పి తిరగేసి పెడితే ప్రయోగమంతా వృథా.

1995లో టీజీఎఫ్-బీటా-3 అనే ప్రోటీన్ తయారుకాని ఎలుకలను పరిశీలించారు. వాటి రేకులు పైకి లేచాయి, దగ్గరికీ వచ్చాయి, కానీ అతుక్కోలేదు. గిన్నెలో ఆ ప్రోటీన్ కలిపితే అతుక్కున్నాయి. మీ ఇంట్లో కోడి ఉంటే, పెద్దవాళ్లను పట్టుకోమని దాని నోరు తెరిచి చూడండి. అంగిలి మధ్యలో పొడుగ్గా చీలిక కనిపిస్తుంది. కోడికి అది సహజం. కోడి పిండం రేకులను గిన్నెలో ఆనించి పెట్టి, ఇదే ప్రోటీన్ ఇస్తే అవి కూడా అతుక్కున్నాయి.

ఇందులో అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఐఆర్ఎఫ్-6 అనే జన్యువు. కొన్ని కుటుంబాల్లో కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు, వాటితో పాటు పెదవి చీలికో అంగిలి చీలికో తరతరాలుగా వస్తాయి. దీన్ని వాన్ డెర్ వూడ్ సిండ్రోమ్ అంటారు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కారణమైన జన్యువు కోసం అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ముర్రే, బ్రయాన్ షూట్ల బృందం వెతుకుతుంటే ఒక కవల జంట దారి చూపింది. ఇద్దరూ ఒకే పిండం నుంచి వచ్చినవాళ్లు, అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులు ఉండాల్సినవాళ్లు. ఒకరికి ఈ సమస్య ఉంది, ఇంకొకరికి లేదు. ఇద్దరి డీఎన్ఏనూ పక్కపక్కన పెట్టి చదివితే, సమస్య ఉన్నవారి ఐఆర్ఎఫ్-6లో ఒక్క అక్షరం మారి, ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతోందని తేలింది. ఆ ఫలితం 2002లో అచ్చయింది.

అదే జన్యువు లేని ఎలుకలను చూస్తే చిత్రమైన సంగతి బయటపడింది. వాటిలో అంగిలి రేకులు నాలుకకు అతుక్కుపోయి ఉన్నాయి. కారణం ఏమిటంటే, పిండం నోటి లోపలంతా పలచని పైపొర ఒకటి ఉంటుంది. దోసె అంటుకోకుండా పెనం మీద రాసే నూనెలా, అది తాకినవాటినల్లా అంటుకోనివ్వదు. సరైన రేకులు కలుసుకునే వేళకు, కలిసే చోట మాత్రం ఆ పొర తొలగిపోవాలి. ఐఆర్ఎఫ్-6 లేకపోతే ఆ పొర సరిగ్గా ఏర్పడదు. అతుక్కోకూడనివి ముందే అతుక్కుంటాయి. అతుక్కోవాల్సినవి దూరంగా చిక్కుకుపోతాయి.

అయితే మొర్రితో పుట్టే చాలామందిలో ఇలా ఒక్క జన్యువు మీద వేలు పెట్టి చూపలేం. 2008లో ఐఆర్ఎఫ్-6 బయట, దాన్ని పనిచేయించే స్విచ్ లాంటి భాగంలో చిన్న తేడా కనిపించింది. ఆ తేడా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఉంటుంది. అది ముప్పును కొంచెం పెంచుతుంది, అంతే. ఇలాంటివి ఎన్నో కలిసి, వాటికి పొగాకు పొగ, మద్యం, గర్భం నాటికే అదుపులో లేని షుగరు తోడైతే అతుకు తప్పే అవకాశం పెరుగుతుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటి కొన్ని మందులూ ఈ జాబితాలో ఉన్నాయి. వాటిని సొంతంగా మానేయకూడదు. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నుపామును కాపాడుతుందన్నది రుజువైన సంగతి. పెదవి విషయంలో అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. వెన్ను కోసమైనా అది వేసుకోవాల్సిందే.

ఇక మీ పాలపళ్ల సంగతి. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరేస్తారు కదా, దాని లోపలి మెత్తని గుజ్జు కూడా ఎక్కువ భాగం ఆ న్యూరల్ క్రెస్ట్ కణాల సంతానమే. 2003లో ఆ గుజ్జులో మూలకణాలను, అంటే వేరే రకాల కణాలుగా మారగలిగిన కణాలను, కనుక్కున్నారు. ఒక ముందు పన్నులో పన్నెండు నుంచి ఇరవై దాకా దొరికాయి. దొరికేవి అన్నే అయినా, గిన్నెలో వేస్తే లక్షలవుతాయి. పన్ను తీయగానే యాంటీబయాటిక్ కలిపిన చల్లని ద్రవంలో వేయాలి. కాగితంలో చుడితే గుజ్జు ఎండి కణాలు చస్తాయి. గుజ్జు తీసి, కొలాజినేజ్, డిస్పేజ్ అనే ఎంజైములలో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే కణాలు విడివడతాయి. సన్నని జల్లెడలో వడగట్టి పోషక ద్రవంలో పెంచుతారు. ఎక్కువగా చెడేది నోటి బాక్టీరియా వల్ల. ద్రవం తెల్లవారేసరికి మబ్బుగా మారితే ఆ గిన్నె పారేయడమే. వేరంతా కరిగి, ఎండి రాలిన పన్నులో గుజ్జే మిగలదు. ఇంకా కాస్త ఎర్రగా, కదులుతూ ఉన్న పన్నే పనికొస్తుంది.

ఈ కణాలతో చేసే ఒక పని చెప్తాను. పళ్లు మొలిచే చిగుళ్ల ఎముకలో చీలిక ఉన్న పిల్లలకు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగేలోపు, తుంటి ఎముక నుంచి కొంత తీసి అక్కడ నింపుతారు. తుంటి దగ్గర కొన్నాళ్లు నొప్పి తప్పదు. బ్రెజిల్ డాక్టర్లు దానికి బదులు ఆ పిల్లల పాలపంటి కణాలనే ఎముక పొడిలాంటి పదార్థంలో కలిపి కొందరిలో నింపి చూశారు, ఎముక వచ్చింది. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. "మీ పిల్లల పళ్లు దాచిపెడతాం, డబ్బు కట్టండి" అని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దని అమ్మానాన్నలకు చెప్పండి. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తం తప్ప మరేదీ అలా వ్యాపారంగా దాచడానికి అనుమతి లేదు.

ఇప్పుడు మొర్రితో బిడ్డ పుడితే ఏం చేయాలో చెప్తాను. అంగిలి చీలిన బిడ్డ నోట్లో గాలి నిలవదు కాబట్టి రొమ్ము పట్టి చప్పరించలేదు. గంటల తరబడి నోట్లో పెట్టినా కడుపు నిండదు, బరువు తగ్గిపోతుంది. పాలు పిండి ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో పట్టాలి. పడుకోబెట్టి పట్టకూడదు. తల ఎత్తి, దాదాపు కూర్చోబెట్టినట్టు ఒళ్లో పట్టుకుని, కొద్దికొద్దిగా బుగ్గ పక్క నుంచి పోసి, మింగేదాకా ఆగి మళ్లీ పోయాలి. త్వరపడితే ముక్కులోకి వస్తాయి, పొలమారుతుంది. గాలి ఎక్కువ మింగుతుంది కాబట్టి మధ్యమధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య అంగిలికి ఆపరేషన్ చేస్తారు. పెదవి ఆపరేషన్‌కు పది వారాల వయసు, దాదాపు నాలుగున్నర కిలోల బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ 10 గ్రాములు ఉండాలన్నది డాక్టర్ల పాత లెక్క. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు చూసే జబ్బుల్లో ఇది ఉంది. వాళ్లే జిల్లా కేంద్రానికి పంపుతారు.

చెవులు మర్చిపోతారు, అది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అంగిలిని లాగే కండరమే మధ్య చెవి గొట్టాన్ని తెరుస్తుంది. అది బలహీనంగా ఉంటే చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. బిడ్డకు మాట ఆలస్యమైతే ముందు చెవి పరీక్ష చేయించాలి. ఆపరేషన్ తర్వాత కూడా ప, బ, క, గ పలికేటప్పుడు గాలి ముక్కులోంచి పోతుంటే స్పీచ్ థెరపిస్టు దగ్గర నెలల తరబడి సాధన కావాలి. మీ తరగతిలో అలా మాట్లాడేవాళ్లుంటే వాక్యం మధ్యలో అందుకుని మీరు పూర్తిచేయకండి. వాళ్లు నేర్చుకుంటున్న అక్షరం ఆ వాక్యం చివర్లోనే ఉండొచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య