మదర్‌బోర్డుపై అదనపు కనెక్టర్ల సోల్డరింగ్: అపోహలు - వాస్తవాలు

డెస్క్‌టాప్ మదర్‌బోర్డును జాగ్రత్తగా చూస్తే, హార్డ్ డిస్కు తగిలించే సాటా కనెక్టరో యూఎస్‌బీ పిన్నులో ఉండవలసిన చోట వట్టి రంధ్రాల వరుస కనిపిస్తుంటుంది. అక్కడ కనెక్టర్ పెట్టి ఇమ్మని మా దగ్గరకు వచ్చేవారూ, ఇంట్లో తామే ప్రయత్నించి బోర్డు పట్టుకొచ్చేవారూ సాధారణంగా ఈ అపోహలతోనే వస్తారు.

అపోహ: చోటు ఉంది కాబట్టి కనెక్టర్ అతికిస్తే పోర్టు పనిచేస్తుంది.

వాస్తవం: తయారీదారులు ఒకే బోర్డు డిజైన్‌ను రెండు మూడు మోడళ్లకు వాడుకొని, ధర తక్కువైన మోడల్‌లో కొన్ని భాగాలను అమర్చకుండా వదిలేస్తారు. అలా వదిలేసేది కనెక్టర్‌ను ఒక్కదాన్నే కాదు. సాటాలోని ఏడు పిన్నులలో మూడు గ్రౌండ్, నాలుగు సిగ్నల్. ఆ నాలుగు సిగ్నల్ దారులలోనూ డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే పోనిచ్చే చిన్న కెపాసిటర్ ఒక్కొక్కటి ఉండాలి. దాని విలువ సాధారణంగా 10 నానోఫారడ్లు. భూతద్దం పెట్టి చూడండి: ఖాళీ కనెక్టర్ చోటుకు కాస్త ఎడంగా, నువ్వుగింజలో సగం కూడా లేని ప్యాడ్ల (భాగాలను అతికించే లోహపు మచ్చల) జతలు నాలుగు ఖాళీగా మెరుస్తుంటే, కెపాసిటర్లు కూడా పెట్టలేదన్నమాట. పక్కనే పనిచేస్తున్న పోర్టు దగ్గర ఏమేమి ఉన్నాయో చూసి, అవే ఇక్కడా అమర్చాలి.

అంతకంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. కరెంటు పూర్తిగా తీసేసి, మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబును గ్రౌండ్‌కూ నల్ల ప్రోబును కెపాసిటర్ ప్యాడ్‌లో చిప్‌సెట్ (పోర్టులను నడిపే ప్రధాన చిప్) వైపు కొసకూ ఆనించి, వచ్చిన రీడింగ్‌ను పనిచేసే పోర్టు రీడింగ్‌తో పోల్చాలి. రెండూ దగ్గరగా ఉంటే దారి చిప్‌సెట్ వరకూ ఉన్నట్టే. మీటర్ ఏమీ చూపకపోతే ఆ దారి మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది కనుక సోల్డరింగ్ ఐరన్ వేడి చేయనక్కరలేదు. దారి ఉన్నా, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ఆ పోర్టును ఆపేసి ఉంటే డ్రైవ్ కనిపించదు. యూఎస్‌బీ విషయంలోనైతే 5 ఓల్టుల దారిలోని ఫ్యూజ్‌ను తప్పక చూడాలి. అది లేకపోతే పిన్నులు ఎంత బాగా అతికినా కరెంటు రాదు.

అపోహ: ఐరన్ వేడి ఎంత పెంచితే పని అంత త్వరగా అవుతుంది.

వాస్తవం: నేను పని నేర్చుకునే రోజుల్లో గ్రౌండ్ పిన్ను రంధ్రంలోని సోల్డర్ కరగడం లేదని ఐరన్‌ను 450 డిగ్రీలకు పెంచి, దాని మొన (బిట్)తో నొక్కాను. రంధ్రం లోపలి రాగి పూత పిన్నుతోపాటు ఊడి వచ్చింది. ఆ పిన్ను బోర్డు లోపలి వెడల్పాటి రాగి పొరలకు కలిసి ఉండటంతో, నేనిచ్చిన వేడినంతా అవి లాగేసుకున్నాయి. అక్కడ కావలసింది వెడల్పైన బిట్, కింది నుంచి దాదాపు 100 డిగ్రీల ముందస్తు వేడి, సోల్డర్ బాగా అంటుకోవడానికి పూసే ఫ్లక్స్ సరిపడా. సీసం వాడకాన్ని కట్టడి చేసే ఐరోపా సమాఖ్య నిబంధన 2006 జూలైలో అమలైన తరువాత వచ్చిన బోర్డులలో సాధారణంగా సీసం లేని సోల్డరే ఉంటుంది, అది కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, దాన్ని కొంచెం కలిపితే పాతది తేలికగా కరిగి, సోల్డర్ పీల్చే పంపుకు వచ్చేస్తుంది.

అపోహ: జాయింట్ మెరవకపోతే చెడిపోయినట్టే.

వాస్తవం: సీసం లేని సోల్డర్ సహజంగానే కాస్త మసకగా ఆరుతుంది. చూడవలసింది మెరుపును కాదు, సోల్డర్ ప్యాడ్‌నూ పిన్నునూ తడిపి రెండింటి మధ్య ఏటవాలుగా పరచుకుందా, లేక పూసలా పైన నిలిచిందా అన్నది.

రేకులకు, పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ కూడా పనికొస్తుందనుకోవడం పొరపాటు, అది కొన్నాళ్లకు రాగిని తినేస్తుంది. ఐరన్ నుంచి లేచే పొగ సీసానిదన్నదీ నిజం కాదు. ఆ వేడికి సీసం చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు, పొగ ఫ్లక్స్‌ది. అయితే ఫ్లక్స్‌లో ఉండే రోజిన్ పొగ ఉబ్బసం తెచ్చిపెట్టగలదు, కనుక గాలి బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి. సీసం చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది కాబట్టి, తినే ముందు సబ్బుతో కడుక్కోవాలి.

పని అయ్యాక పవర్ ఇచ్చే ముందు, కొత్త యూఎస్‌బీ కనెక్టర్ 5 ఓల్టుల పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య మీటర్ పెట్టండి. బీప్ మోగితే, పిన్నుల మధ్య మిగిలిపోయిన సోల్డర్ పోగును వెతికి తీసేదాకా స్విచ్ వేయకండి.