పీఎస్‌ఐలో దాగిన భూమ్యాకర్షణ

పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే పీడనం కొలత. దాని గురించి ఒక పాఠకుడు చక్కటి ప్రశ్న పంపారు. పౌండు అంటే 0.4536 కిలోలు. చదరపు అంగుళం అంటే 0.00064516 చదరపు మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 703 వస్తోంది. పట్టికల్లో మాత్రం ఒక పీఎస్‌ఐకి 6,895 పాస్కల్స్ (చదరపు మీటరుకు ఇన్ని న్యూటన్ల బలం) అని ఉంది. తేడా ఎక్కడొచ్చింది?

అంగుళాన్ని వర్గం చేయడం ఆయన మర్చిపోలేదు. చాలామంది విద్యార్థులు తప్పేది అక్కడే. ఇప్పుడు 6,895ని 703తో భాగించి చూడండి. 9.8 వస్తుంది! బడిలో గురుత్వ త్వరణం పేరుతో నేర్చుకున్న అంకె అదే.

పీడనం అంటే ఇంత వైశాల్యం మీద ఇంత బలం అని. కిలో బలం కాదు, ద్రవ్యరాశి. పీఎస్‌ఐలోని పౌండు మాత్రం బలమే. ఒక పౌండు రాయి భూమి మీద ఎంత బరువుతో కిందికి నొక్కుతుందో అంత. పాస్కల్‌లో ఉండే న్యూటన్‌కి భూమితో పనే లేదు. అందుకే ఇటు నుంచి అటు వెళ్లాలంటే 9.8 దారిలో తగలాల్సిందే.

మరి భూమి మీద ఎక్కడి 9.8? భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. చోటును బట్టి పీఎస్‌ఐ మారితే కొలతకు అర్థమే ఉండదు. కాబట్టి 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 9.80665 అని ఖాయం చేసింది. టైరులో 32 పీఎస్‌ఐ అంటే ఎక్కడైనా 220.6 కిలోపాస్కల్సే, అంటే 2.2 బార్. అంత ఒత్తిడిని రాళ్లు పేర్చి తేవాలంటే మాత్రం చోటు ముఖ్యం. భూమి మీద చదరపు అంగుళానికి 32 పౌండ్ల రాళ్లు చాలు, చంద్రుడి మీద దాదాపు 194 పౌండ్లు కావాలి.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి. పీఎస్‌ఐని చదరపు సెంటీమీటరుకు కిలోల్లోకి మార్చి చూడండి. ఆ కిలో కూడా బరువే, దానిలోనూ అదే 9.80665 ఉంది. రెండు వైపులా కొట్టుకుపోతుంది. 0.4536ని 6.4516తో భాగిస్తే చాలు, 0.0703. పట్టిక బట్టీ పట్టించే బదులు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన చేయిస్తే, బరువుకీ ద్రవ్యరాశికీ తేడా పిల్లలకు జన్మలో మర్చిపోనంతగా అర్థమవుతుంది.

పీడనాన్ని అది నిలబెట్టగల పాదరసం ఎత్తుతో కొలిచే పాదరసం అంగుళాల్లోనూ ఇదే 9.80665 ఉంటుంది, దానికి తోడు పాదరసం సాంద్రత. ప్రామాణిక వాతావరణ పీడనం 29.92 అంగుళాలు, అంటే 1013.25 హెక్టోపాస్కల్స్ (ఒక హెక్టోపాస్కల్ అంటే వంద పాస్కల్స్). విమానంలో ఎత్తు చూపే ఆల్టీమీటరును అమెరికాలో అంగుళాల్లో సెట్ చేస్తారు, చాలా దేశాల్లో హెక్టోపాస్కల్స్‌లో. కంట్రోలర్ 992 హెక్టోపాస్కల్స్ అనే అర్థంలో ఉత్త ‘992’ అంటే, అంగుళాలకు అలవాటుపడిన పైలట్ దాన్ని 29.92గా తీసుకోవచ్చు. తేడా 21 హెక్టోపాస్కల్స్. విమానం ఆల్టీమీటరు చూపేదానికంటే సుమారు 600 అడుగులు కిందుంటుంది. అందుకే బ్రిటన్‌లో పీడనం 1000 కంటే తక్కువున్నప్పుడు అంకెతో పాటు ‘హెక్టోపాస్కల్స్’ అని కూడా పలకాలన్న నియమం పెట్టారు.