గర్భిణి కంచంలో నెయ్యి, నూనె, చేప: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఒక కాన్పుల ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా గదిలోకి గర్భిణి ఒక్కతే రావడం అరుదు. పక్కన అమ్మో అత్తగారో ఉంటారు, ఫోన్‌లో ఒక యూట్యూబ్ వీడియో ఉంటుంది. పెద్దావిడ నెయ్యి వేసుకోమంటుంది, వీడియో మానేయమంటుంది, మధ్యలో ఆ అమ్మాయి నా మొహం చూస్తుంది. ఈ తగువులో అందరూ "ఎంత తినాలి" అనే అడుగుతారు. "ఏ కొవ్వు" అని అడిగేవాళ్ళు తక్కువ. మన కృష్ణా, గుంటూరు వంటిళ్ళలో కొవ్వుకు కొదవ లేదు. బిడ్డ మెదడుకు బయటి నుంచి తప్పనిసరిగా అందాల్సిన ఒక రకం కొవ్వుకే కొదవ. నేను రోజూ వినే మాటల్లో కొన్ని రాస్తున్నాను.

అపోహ: తొమ్మిదో నెలలో నెయ్యి తాగితే బిడ్డ సులువుగా జారుతుంది

మింగిన నెయ్యి పొట్టలోకి, అక్కడి నుంచి పేగుల్లోకి వెళ్ళి అరిగిపోతుంది. పేగుల నుంచి గర్భసంచికి దారేమీ లేదు. కాన్పు సులువుగా అవుతుందా లేదా అన్నది బిడ్డ తల ఎటు తిరిగి ఉంది, నొప్పులు ఎలా వస్తున్నాయి, కటి ఎముకల మధ్య జాగా ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేడి పాలల్లో గరిటెడు నెయ్యి పోసుకుని తాగితే ఆ నెలలో తప్పకుండా వచ్చేది గుండెల్లో మంట.

నెయ్యి సంగతి అంతటితో పోతుంది, ఆముదం అలా కాదు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగులను కదిలించినట్టే గర్భసంచి కండరాన్నీ కదిలిస్తుంది. "ఆముదం తాగితే నొప్పులొస్తాయి" అన్న మాటలో కొంత నిజం ఉంది, నా భయం కూడా దానికే. విరేచనాలు పట్టుకుని, ఒంట్లో నీరు పోయి, నీరసపడి కాన్పు గదికి రావడం ఎవరికీ మంచిది కాదు. ముందు సిజేరియన్ అయిన అమ్మాయికైతే అసలే వద్దు. నొప్పులు రప్పించాలా వద్దా అన్నది డాక్టరు గారు తేల్చాల్సిన విషయం.

అపోహ: నెయ్యి ఎంత తింటే బిడ్డ మెదడు అంత చురుకు

నీటిని మినహాయిస్తే మెదడు బరువులో దాదాపు 60 శాతం కొవ్వే. వాట్సాప్‌లో తిరిగే ఈ మాట నిజమే. "కాబట్టి నెయ్యి పోయండి" అనడం దగ్గరే లెక్క తప్పుతుంది.

నెయ్యిలో సుమారు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. ఆ రకం కొవ్వునూ, కొలెస్టరాల్‌నూ బిడ్డ మెదడు తనకు తానే తయారుచేసుకుంటుంది. రక్తంలోని కొలెస్టరాల్ మెదడులోకి దాదాపుగా వెళ్ళదు కూడా. శరీరం అవసరమైనంతగా తయారుచేసుకోలేక తిండి మీద ఆధారపడేది వేరే రకం కొవ్వుల కోసం. అమెరికాలో బర్ అనే శాస్త్రవేత్త దంపతులు ఎలుకలకు కొవ్వు లేని తిండి పెట్టి, కొన్ని కొవ్వులు ఆహారం ద్వారా అందకపోతే ప్రాణి ఎదగదని 1929లో చూపించారు. ఒమేగా-6, ఒమేగా-3 అని మనం ఇప్పుడంటున్నవి ఆ కోవలోవే. మెదడు కణాల పొరల్లోనూ, కంటి వెనకాల రెటీనాలోనూ చేరేది ఒమేగా-3లలో ఒకటైన డీహెచ్‌ఏ. ఆరో నెల దాటాక మాయ దీన్ని తల్లి రక్తం నుంచి ఏరి మరీ బిడ్డకు చేరవేస్తుంది. పుట్టాక ఆ పని తల్లిపాలది. పుట్టినప్పుడు 350-400 గ్రాములుండే మెదడు ఏడాది తిరిగేసరికి రెండింతలు దాటుతుంది. రెండేళ్ళు నిండేదాకా డీహెచ్‌ఏ చేరుతూనే ఉంటుంది.

నెయ్యిలో డీహెచ్‌ఏ లేనట్టే లెక్క. అలాగని నెయ్యి విషమూ కాదు. విటమిన్-ఎ ఉంటుంది, కూరకు రుచి వస్తుంది, వేవిళ్ళు తగ్గిన అమ్మాయి నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి, బాలింతకు రోజుకు 30 గ్రాముల నూనె, నెయ్యి చాలంటోంది. అంటే పోపు నూనె, ఆవకాయ మీద తేలే నూనె, ఇడ్లీ కారంలో వేసుకున్న నెయ్యి అన్నీ కలిపి ఆరు టీ స్పూన్లు. ఇందులో రెండు స్పూన్లు నెయ్యి అయితే నాకు అభ్యంతరం లేదు. బరువు బాగా తక్కువున్న అమ్మాయికి ఇంకో స్పూను నేనే చెప్తాను. మధుమేహం వచ్చి, బరువు వేగంగా పెరుగుతున్న అమ్మాయికి తగ్గిస్తాను. అందరికీ ఒకటే కొలత చెప్పే వీడియోలతో వచ్చే చిక్కు ఇదే.

అపోహ: గానుగ నూనెకు మారాం, ఇక ఎంతైనా వాడొచ్చు

ఈ మధ్య బెజవాడలో ఏ పేటకు వెళ్ళినా గానుగ నూనె కొట్టు కనిపిస్తోంది. వేరుశనగ నూనె, పప్పునూనె గానుగలో ఆడించుకుంటే వాసన, రుచి నిలుస్తాయి, కాదనను. కానీ గానుగదైనా, ప్యాకెట్‌దైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. నేను చూసేది ఇంకొకటి. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఈ మూడింటిలోనూ ఒమేగా-6 బాగా ఉంటుంది, ఒమేగా-3 మాత్రం లేనట్టే. మన వంట మొత్తం వీటి మీదే నడుస్తుంది. సోయా నూనెలో ఆరేడు శాతం, ఆవనూనెలో పది శాతం దాకా ఒమేగా-3 ఉంటుంది. ఆవనూనె ఘాటు మన ముక్కుకు పడదు కాబట్టి దాని కోసం పట్టుబట్టను. వేపుళ్ళకు వేరుశనగ, పప్పుకూరలకు సోయా అని మార్చి మార్చి వాడుకోమంటాను.

అపోహ: గర్భిణి చేప తినకూడదు, వేడి చేస్తుంది

నన్నడిగితే మన జిల్లాల గర్భిణులకు జరుగుతున్న పెద్ద నష్టం ఇదే. బందరు, నిజాంపట్నం రేవులు ఇంత దగ్గర్లో పెట్టుకుని ఏడు నెలలు చేప ముట్టని అమ్మాయిలు నా దగ్గరికి వస్తారు. మామూలు రోజుల్లో వాళ్ళు ఇష్టంగా తినేవాళ్ళే. కడుపుతో ఉన్నారని తెలియగానే ఇంట్లో మానిపించేశారు.

గర్భిణికి, బాలింతకు ఈపీఏ అనే ఇంకో ఒమేగా-3, డీహెచ్‌ఏ రెండూ కలిపి రోజుకు కనీసం 300 మిల్లీగ్రాములు కావాలని, అందులో 200 డీహెచ్‌ఏ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థల నిపుణులు 2008లో సమావేశమై చెప్పారు. వారానికి రెండుసార్లు వంద గ్రాముల చొప్పున కవళ్ళు (సార్డీన్) గానీ, కానాగంతలు (మాకెరెల్) గానీ తింటే ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ఇవి ఖరీదైన చేపలు కావు. ఖరీదుకూ డీహెచ్‌ఏకూ సంబంధం లేదు. గర్భిణికని ప్రత్యేకంగా కొరమీను తెప్పించి పెడతారు, మంచి మాంసకృత్తులే గానీ దాంట్లో కొవ్వు చాలా తక్కువ. కైకలూరు చెరువుల బొచ్చె, శీలావతి మధ్యరకం. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు సముద్రపు చిన్నచేపలు, వాటికే నా ఓటు. పులుసు పెట్టుకోండి. నూనెలో ముంచి ఎర్రగా వేయిస్తే చేప నూనె కొంత బయటికి పోయి, బాణలి నూనె లోపలికి చేరుతుంది. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త.

భయపడాల్సిన చేప ఒకటుంది, దాన్ని మాత్రం మనవాళ్ళు భయం లేకుండా పెడతారు. అది సొర. బాలింతకు పాలు పడతాయని పాలసొర తెచ్చి వెల్లుల్లి దట్టించి పుట్టు చేసి పెట్టడం కోస్తా అంతటా ఉన్నదే. సొర మిగతా చేపల్ని తిని చాలా ఏళ్ళు బతుకుతుంది కాబట్టి ఆ చేపల్లోని పాదరసమంతా దాని ఒంట్లో పేరుకుంటుంది. పాదరసం పెరిగే మెదడును దెబ్బతీస్తుంది, కొంత పాలలోకీ వెళ్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులూ బాలింతలూ అసలు తినొద్దన్న చేపల్లో సొర ఒకటి. బాగా పెద్ద వంజరం కూడా నేను తగ్గించమంటాను. చిన్నచేప తొందరగా పెరిగి తొందరగా వలలో పడుతుంది, దాంట్లో పాదరసం పోగయ్యేంత సమయం ఉండదు.

అపోహ: మేం శాకాహారులం, అవిసె గింజలు తింటున్నాం, సరిపోతుంది

సగం సరిపోతుంది. అవిసెల్లో, అక్రోట్లలో, గంగవాయిల కూరలో ఉండేది ఏఎల్‌ఏ అనే ఒమేగా-3. దాన్ని శరీరం డీహెచ్‌ఏగా మార్చుకోవాలి. మారేది చాలా కొద్ది భాగమే. గర్భిణుల్లో ఈ మార్పిడి కొంత మెరుగ్గా ఉంటుంది, అయినా దాని మీదే భరోసా పెట్టుకోలేం. రోజూ ఒక చెంచా అవిసె పొడి నేను చెప్తాను. వేయించి దంచి, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి కారప్పొడి చేసుకుంటే ఇడ్లీలోకి బాగుంటుంది. గింజలు అలాగే మింగితే అరగకుండానే బయటికి పోతాయి. చేప, గుడ్డు రెండూ తిననివాళ్ళయితే నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ గుళికల గురించి డాక్టరును అడగండి. చేపకు కూడా డీహెచ్‌ఏ ఆ నాచు నుంచి వచ్చిందే. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వేరే సరుకు. దాంట్లో విటమిన్-ఎ మోతాదు మించి ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు వేసుకోకూడదు.

అపోహ: డీహెచ్‌ఏ పొడి తాగితే తెలివైన బిడ్డ పుడుతుంది

ఆస్ట్రేలియాలో సుమారు 2,400 మంది గర్భిణులతో పరీక్ష చేశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. సగం మందికి రోజూ 800 మిల్లీగ్రాముల డీహెచ్‌ఏ ఇచ్చారు. ఏడాదిన్నర వయసులో పిల్లల తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాన్పు తర్వాత తల్లులకు వచ్చే డిప్రెషన్ కూడా తగ్గలేదు. మన పక్క రాష్ట్రంలోని బెళగావిలో రోజుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినా, ఏడాది వయసు పిల్లల ఎదుగుదలలో తేడా రాలేదు. డబ్బా మీద కళ్ళజోడు పెట్టుకున్న పసిపాప బొమ్మ ఎందుకుంటుందో నాకైతే తెలియదు.

మరి ఒమేగా-3తో ఉపయోగం లేదా అంటే, ఉంది, అది వేరేచోట. కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల బృందం 2018లో డెబ్భై పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, ఒమేగా-3 తీసుకున్నవాళ్ళలో 34 వారాల లోపు కాన్పులు నూటికి 4.6 నుంచి 2.7కు తగ్గాయి. మరీ నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్ పెట్టెలో పెట్టి ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ చూసినవాళ్ళకు ఈ అంకె విలువ తెలుస్తుంది. నెలలు నిండి పుట్టడం మెదడుకు కూడా మేలే.

పొడి డబ్బా కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. డీహెచ్‌ఏ మిల్లీగ్రాముల్లో ఉంటుంది, చక్కెర గ్రాముల్లో ఉంటుంది. అదే డబ్బుతో గుడ్లు కొనుక్కోవచ్చు.

గుడ్డు అన్నాను కాబట్టి: పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే తినే అమ్మాయిలు పెరిగారు. మెదడుకు కావలసిన కోలిన్, కొద్దో గొప్పో డీహెచ్‌ఏ ఉండేది ఆ పచ్చసొనలోనే. "కొలెస్టరాల్ ఎక్కువ వచ్చింది మేడమ్" అని రిపోర్టు తెస్తారు. గర్భంతో ఉన్నప్పుడు కొలెస్టరాల్, రక్తంలోని ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు పెరగడం సహజం, బిడ్డ కోసమే ఒళ్ళు పెంచుకుంటుంది. ముందు నుంచీ జబ్బున్నవాళ్ళకు తప్ప ఆ పరీక్ష ఆ సమయంలో అక్కర్లేదు.

అపోహ: బాలింతకు నెయ్యి పోస్తేనే చిక్కటి పాలు పడతాయి

కాన్పు వార్డులో ఒక స్టీలు క్యారియర్ మూత తీస్తే పాత బియ్యం అన్నం, మెతుకు కనబడకుండా నెయ్యి, పక్కన వెల్లుల్లి కారం. కూర లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. "పచ్చి బాలింత కదమ్మా, పప్పు పెడితే బిడ్డకు కడుపులో నొప్పి" అంది తెచ్చిన పెద్దావిడ. మంచినీళ్ళు కూడా లెక్కపెట్టి ఇస్తున్నారు.

తల్లి పాలల్లో కొవ్వు సుమారు నాలుగు శాతం. ఆ మొత్తం తల్లి ఎంత నెయ్యి తిన్నదీ చూసి పెద్దగా మారదు. తిండిని బట్టి మారేది కొవ్వు రకం. చేప తింటే ఒకటి రెండు రోజుల్లోనే పాలల్లో డీహెచ్‌ఏ పెరుగుతుంది. బేకరీ సరుకులో, వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు తింటే అదీ పాలల్లోకి వెళ్తుంది. నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కానీ బండి మీద పునుగులు వేసే నూనె ఎన్నిసార్లు మరిగిందో లేబుల్ చెప్పదు.

"నా పాలు నీళ్ళలా ఉన్నాయి" అని ఏడ్చే తల్లులుంటారు. మొదట వచ్చే పాలల్లో కొవ్వు తక్కువ, రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పెరుగుతుంది. ఒక వైపు పూర్తిగా తాగనిచ్చాక రెండో వైపుకు మార్చండి. పాలు ఎక్కువ పడాలంటే బిడ్డ ఎక్కువసార్లు తాగాలి. మొదటి ఆరు నెలలు తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, అవన్నీ నెయ్యిలోంచే రానక్కర్లేదు. ఆ పెద్దావిడతో తెలగపిండి కూర పెట్టమన్నాను, ఆమె ముఖం వెలిగింది. నువ్వుల నుంచి నూనె తీశాక మిగిలిన ఆ పిండిలో మాంసకృత్తులు, కాల్షియం నిండుగా ఉంటాయి. మునగాకు, పప్పు, పెరుగు, గుడ్డు కూడా చేర్చాం. నెయ్యి ఒక స్పూనుకు దిగింది, కారం అలాగే ఉంది. గుంటూరు జిల్లా వాళ్ళతో కారం గురించి వాదించే శక్తి నాకు లేదు.

అపోహ: పసిబిడ్డకు కొవ్వు తగ్గించాలి

రెండేళ్ళ లోపు పిల్లలకు వెన్న తీసిన పాలు పనికిరావు. ఆరో నెల నుంచి ఉగ్గులో, పప్పన్నంలో ఒక చెంచా నెయ్యో నూనో కలపండి. చిన్న పొట్టలో పట్టే నాలుగు ముద్దల్లోనే బలం అందాలి. నేను నెయ్యి వేయమని గట్టిగా చెప్పేది ఇక్కడే.

పుట్టిన బిడ్డకు ఆముదం నాకించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం మాత్రం ఆపండి. ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది, అది మామూలు మందులకు లొంగదు. ఒంటికి నూనె రాసి మెత్తగా మర్దన చేయండి, అది చాలు. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే పిల్లల డాక్టరు రాసే ఉప్పునీటి చుక్కలు మందుల షాపులో దొరుకుతాయి.