కడబంతిలో కూర్చున్న సూక్ష్మజీవి

"మేం రెండు పూటలా అన్నమే తింటాం. వరి వల్ల భూమి వేడెక్కుతోందని వార్తల్లో చెప్తున్నారు. ఇక అన్నం కూడా మానెయ్యాలా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ప్రశ్నలో కాస్త కోపం ఉంది. న్యాయమైన కోపమే. బొగ్గూ పెట్రోలూ తగలేసినవాళ్లను వదిలేసి అన్నం ముద్ద మీద పడ్డారేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

జవాబు ముందే చెప్పేస్తాను. మానక్కర్లేదు. నేరం నిలవ నీటిది, బియ్యాన్ని బోనెక్కించి లాభం లేదు. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే మీథేన్‌లో వరి పొలాల వాటా 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. కిలో మీథేన్ చేసే చెరుపు వందేళ్ల లెక్కన 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇరవై ఏళ్ల లెక్కన అయితే 80 కిలోలతో సమానం. గ్రీన్‌హౌస్ వాయువులంటే ఏమిటో ఇక్కడ మళ్లీ చెప్పను, ఆ పాఠం అందరం వినే ఉన్నాం. స్కూలు పుస్తకాల్లో "వరి పొలాల నుంచి మీథేన్ వెలువడును" అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి ఒక మార్కు తెచ్చుకుంటారు. ఎందుకు వెలువడునో ఎవరూ అడగరు. అసలు రుచంతా ఆ 'ఎందుకు'లోనే ఉంది, అందుకని బురదలోకి దిగుదాం.

దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడిలోకి ఆక్సిజన్ దిగడం చాలా కష్టం. గాలిలో కంటే నీటిలో అది పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. పైన కొన్ని మిల్లీమీటర్ల మట్టికే అందుతుంది. కింద మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. వాటికి తిండికి లోటు లేదు. కొయ్యకాళ్లు, పాత వేళ్లు, పశువుల ఎరువు, వరి వేళ్ల నుంచి ఊరే చక్కెరలు, అన్నీ ఉన్నాయి. లోటు వేరేచోట వస్తుంది. ఏ ప్రాణి అయినా తిండి నుంచి శక్తి లాగినప్పుడు ఎలక్ట్రాన్లు మిగులుతాయి, వాటిని దేనికో ఒకదానికి అప్పగించాలి. మనం ఆక్సిజన్‌కి అప్పగిస్తాం. ఆక్సిజన్ లేనిచోట ఏం చెయ్యాలి?

పెళ్లి భోజనాలు అనుకోండి. గంగాళాల నిండా వంటలున్నాయి, తక్కువైంది విస్తళ్లే, అంటే ఎలక్ట్రాన్లను అందుకునేవి. మొదటి బంతికి అరిటాకులు వేశారు, అది ఆక్సిజన్. ఆ బంతిలో కూర్చున్నవాళ్లు కడుపునిండా తింటారు. అరిటాకులు అయిపోయాక మోదుగ విస్తళ్లు తీశారు, అది నైట్రేట్. ఆ తర్వాత నాలుగైదు మాంగనీసు ఆకులు. అవీ అయిపోతే స్టీలు కంచాలు, అంటే మట్టిలో తుప్పు రూపంలో ఉన్న ఇనుము. మన ఎర్రనేలల్లో ఇవి దండిగా ఉంటాయి. తర్వాత పేపరు ప్లేట్లు, అవి సల్ఫేట్లు. ఒక్కో బంతి గడిచేకొద్దీ అదే అన్నం నుంచి దక్కే శక్తి తగ్గిపోతుంది. అన్నీ అయిపోయాక కడబంతి కూర్చుంటుంది. వాళ్లే మీథేన్ తయారుచేసే ఆర్కియా. ఇవి బ్యాక్టీరియా కావు, జీవవృక్షంలో వేరే కొమ్మ అని 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ చూపించాడు.

కడబంతివాళ్లకు విస్తరి లేదు. అయినా తింటారు, ఎలాగో చూడండి. అసిటేట్ అనే రెండు కార్బన్ల ముద్దను మధ్యకు చీలుస్తారు. ఒక ముక్కనే విస్తరిగా పరుచుకుని రెండో ముక్కను దానిమీద పెట్టుకుని తింటారు. తిన్న ముక్క కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఎలక్ట్రాన్లు అంటుకున్న 'విస్తరి' ముక్క మీథేన్ అవుతుంది. మడిలో పుట్టే మీథేన్‌లో సుమారు మూడింట రెండొంతులు ఇలా వచ్చేదే. మిగతాది హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి చేస్తారు. ఏ దారిన వెళ్లినా ఆఖరి మెట్టు ఒకటే, మిథైల్ కోఎంజైమ్ ఎం రిడక్టేజ్ అనే ఎంజైమ్. దాని గుండెలో ఎఫ్430 అనే అణువు, అందులో ఒక నికెల్ పరమాణువు ఉంటాయి. గాలి తగిలితే ఆ ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. బురదలో వడ్డించేవాడు ఎవరికీ చుట్టం కాదు. ఇనుము, సల్ఫేట్ బంతులు నడుస్తున్నంతసేపూ వాళ్లు హైడ్రోజన్‌ను, అసిటేట్‌ను అడుగంటా ఊడ్చేస్తారు. కడబంతివాళ్లు బతికే ఉంటారు గానీ మెతుకు దొరకదు. అందుకే నీళ్లు పెట్టిన రోజే మీథేన్ రాదు. మట్టిలో కంచాలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా పడుతుంది. ఉప్పు తగిలిన తీరప్రాంతపు నేలల్లో సల్ఫేట్ ఎక్కువ కాబట్టి మీథేన్ తక్కువ. జిప్సం కూడా సల్ఫేటే, అది వేసిన మడిలోనూ అంతే.

పుట్టిన మీథేన్ పైకి ఎలా వస్తుంది? మడిలో నడిస్తే కాళ్ల దగ్గర బుడగలు లేస్తాయి చూడండి, అందులో ఉంటుంది. కానీ అది కొద్దిపాటే. పైరు ఎదిగాక దాదాపు 90 శాతం మీథేన్ వరి మొక్క లోపలి నుంచే బయటికి వస్తుంది. నీటిలో నిలబడే మొక్క కాబట్టి ఆకుల నుంచి వేళ్లకు గాలి పంపడానికి వరి తన కాండంలో గాలిగదులు కట్టుకుంది. ఆక్సిజన్ కిందికి దిగే దారిలోనే మీథేన్ పైకి ఎక్కి, ఆకు తొడుగుల్లోని సన్నటి బెజ్జాల గుండా జారుకుంటుంది. ఒక దుబ్బు పీకి వేళ్లు కడిగి చూడండి. నల్లటి బురదలోంచి వచ్చిన వేళ్లకు తుప్పు రంగు పూత పట్టి ఉంటుంది. వేరు నుంచి కారిన ఆక్సిజన్ పక్కనున్న ఇనుమును తుప్పు పట్టించిన గుర్తు అది.

బురద బుడగల్లోని వాయువు మండుతుందని 1776లో వోల్టా కనిపెట్టాడు, ఇటలీలో మజ్జోరే సరస్సు దగ్గర. కర్రతో బురద కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి, నిప్పు పెట్టి చూశాడు. మన ఊళ్లలో చిత్తడి నేలల మీద రాత్రిపూట వెలుగు కనిపిస్తే కొరివి దయ్యం అని తలుపులు వేసుకునేవాళ్లు. సైన్సు మాస్టార్లు దానికి "మీథేన్ మండడం" అని ఠక్కున జవాబు చెప్పేస్తారు. అదీ పూర్తిగా కుదరదు, మీథేన్ తనంతట తాను అంటుకోదు కదా. అంటించేది ఫాస్ఫరస్ వాయువులా, మరొకటా అన్నది వేరే చర్చ. దయ్యాన్ని తీసేసి ఆ చోట అరకొర జవాబు పెడితే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఒక గరాటు, ఒక సీసా ఇచ్చి చెరువు గట్టుకు తీసుకెళ్లడం మేలు.

ఇప్పుడు మడిని నాలుగు రోజులు ఆరబెట్టామనుకోండి. గాలి లోపలికి దిగుతుంది, మళ్లీ అరిటాకులు పరిచినట్టే. కడబంతివాళ్లు చావరు గానీ ముడుచుకుని కూర్చుంటారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి స్టీలు కంచాలది. బురదనీటిలో కరిగిపోయి ఉన్న ఇనుము ఆక్సిజన్ తగలగానే మళ్లీ తుప్పుగా మారుతుంది. కంచాలన్నీ కడిగి బోర్లించినట్టే. తిరిగి నీళ్లు పెట్టినా ఆ కంచాలన్నీ మళ్లీ ఎంగిలయ్యేదాకా మీథేన్ జోరందుకోదు. నాలుగు రోజులు ఆరబెడితే లాభం నాలుగు రోజులతో ఆగకపోవడానికి కారణం ఇదే.

ఎంత ఆరబెట్టాలో తెలుసుకోవడానికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్లు చెప్పిన పద్ధతి భలే సులువు. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, కింది భాగమంతా బెజ్జాలు పెట్టి, మడిలో దిగేసి, లోపలి మట్టి తీసెయ్యాలి. నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్లీ తడి పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలు కలుపు కోసం, పూత సమయంలో గింజ కోసం నీళ్లు నిలపాలి. వేళ్లు 15 సెంటీమీటర్ల లోతున కూడా నీళ్లు అందుకుంటాయి కాబట్టి, ఈ హద్దు దాటకపోతే దిగుబడికి నష్టం ఉండదు.

అంతర్జాతీయ వాతావరణ నిపుణుల సంఘం (ఐపీసీసీ) 2019లో సవరించిన లెక్కల ప్రకారం, దక్షిణాసియాలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే హెక్టారు మడి నుంచి రోజుకు 0.85 కిలోల మీథేన్ వస్తుంది. పంటకాలంలో చాలాసార్లు ఆరబెడితే దాన్ని 0.55తో గుణించాలి, అంటే దాదాపు సగానికి సగం తగ్గినట్టే. గడ్డి సంగతి ఇంకా విచిత్రం. హెక్టారుకు ఐదు టన్నుల ఎండుగడ్డిని దమ్ముకు ముందు తాజాగా కలియదున్నితే మీథేన్ దాదాపు మూడు రెట్లవుతుంది. అదే గడ్డిని నెల రోజులకు పైగా ముందు, నేల పొడిగా ఉండగా కలియదున్నితే ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగుతుంది. అరిటాకుల బంతిలోనే వంట చాలావరకు ఖర్చయిపోయింది కాబట్టి కడబంతికి మిగిలేది తక్కువ. కొయ్యకాళ్లు కాల్చొద్దని చెప్పేవాళ్లు ఎప్పుడు దున్నాలో కూడా చెప్పాలి. ఇంకో మాట, యూరియా ఎడాపెడా చల్లి మడిని తడిపీ ఆరబెట్టీ చేస్తే నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఘాటు. ఇటు మిగిల్చింది అటు పోగొట్టుకోకూడదు.

ఇంత సులువైతే అందరూ ఎందుకు చెయ్యరు? గోదావరి డెల్టాలో నీళ్లు కాలవ నుంచి ఒక మడికి, ఆ మడి నుంచి పక్క మడికి పారతాయి. పైరైతు మడవ కడితే కింది రైతు ఎండుతాడు, ఒక్కడు ఆరబెడదామంటే కుదరదు. తెలంగాణలో బోర్ల కింద నీళ్లు రైతు చేతిలోనే ఉన్నాయి, కానీ 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. మోటారు ఆపితే రైతుకు మిగిలేది ఏమీ లేదు. గొట్టం ఎంత చవకైనా, చూసి మోటారు కట్టేసినందుకు ఏదో ఒక లాభం కనబడాలి.

అందుకే నాకు తక్కువ రోజుల్లో పండే వరి రకాల మీద ఆశ ఎక్కువ. సాంబ మసూరి పంట 150 రోజులు. తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, 120 నుంచి 125 రోజుల్లో చేతికొస్తుంది. నారుమడి రోజులు తీసేస్తే నీళ్లు నిలిచే కాలం 120 రోజుల నుంచి 90కి తగ్గుతుంది. పై లెక్కనే చూస్తే ఎకరానికి 41 కిలోల మీథేన్ కాస్తా 31 అవుతుంది, ఆరుతడి కూడా పాటిస్తే 17. రైతుకు ఒక్క గొట్టం కూడా అమ్మకుండా పది కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు. పైగా ఈ బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 ప్రాంతంలో ఉంటుంది, 55 లోపు అంటే తక్కువ కిందే లెక్క. అలాగని షుగరున్నవాళ్లు కంచం నిండా పెట్టుకుంటే ఆ అంకె కాపాడదు.

బియ్యం వల్ల జబ్బు అన్నది మనకు కొత్త కాదు. వందేళ్ల కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో నరాలనూ గుండెనూ దెబ్బతీసే బెరిబెరి తిష్ట వేసింది ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినడంతో థయామిన్ అనే విటమిన్ తవుడులోకి పోయింది. పక్కనున్న తమిళులు ఉప్పుడు బియ్యం తినేవాళ్లు. వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి వాళ్లు బతికిపోయారు. బెరిబెరి మీద 1918లో కూనూరులో బ్రిటిష్ వైద్యుడు మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే తర్వాత పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. మనకు ఉప్పుడు బియ్యం ఇప్పటికీ గొంతు దిగదు. యాసంగిలో ఎండకు నూకలవుతాయని తెలంగాణలో వడ్లను బాయిల్డ్ రైస్ చేస్తారు, 2021-22లో దాన్ని ఎవరు కొనాలని కేంద్రానికీ రాష్ట్రానికీ పెద్ద గొడవే అయింది. మనం తినని బియ్యాన్ని, వేసవిలో భూగర్భజలం తోడి, మీథేన్ వదిలి పండిస్తున్నాం. తగ్గించాల్సి వస్తే నేను ముందు చెయ్యి పెట్టేది అక్కడ, మన అన్నం కంచంలో కాదు.

ఆ యాసంగి ఎకరాల్లో ఏం వెయ్యాలి? జొన్న, కంది, శనగ, వేరుశనగ. ఆ నేల ఊపిరి పీలుస్తుంది కాబట్టి కడబంతి కూర్చోదు. పైగా అక్కడి సూక్ష్మజీవులు గాలిలోని మీథేన్‌ను కాస్త తింటాయి కూడా. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దంది. ఇప్పుడు చాలామందికి అది 50 నుంచి 70 శాతం. తగ్గించిన చోట పప్పు రావాలి. ఇక్కడే జేబు అడ్డం వస్తుంది. రేషన్ బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం, కందిపప్పు కిలో నూరు రూపాయల పైమాటే. ఆ తేడా అలా ఉంచి ప్లేటు మార్చుకోండని పేదవాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వడం నాకు నచ్చదు. సూపర్ మార్కెట్లో కొర్రలు బియ్యానికి రెండు మూడు రెట్ల ధరకు అమ్మి, షుగరు మాయమవుతుందని సీసా మందులా ప్రచారం చేసేవాళ్లు ఇంకా నచ్చరు. తెల్లగా పాలిష్ పట్టిన కొర్రల్లో పీచు ఎంత మిగులుతుందో అడిగి చూడండి.

దారి చూపినవాళ్లు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలోనే పడావు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ నడిపారు. కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తోంది. మన దగ్గర చౌక దుకాణంలోకి వీటిని తెస్తే ఒక చిక్కు తప్పదు. బియ్యం పాలిష్ పట్టేటప్పుడు కొవ్వు తవుడుతోపాటు పోతుంది కాబట్టి బస్తాలో ఏడాది ఉన్నా చెడదు. సజ్జలో కొవ్వు ఎక్కువ. పిండి పట్టగానే లైపేజ్ ఎంజైమ్ ఆ కొవ్వును విరగ్గొట్టి, కొద్ది రోజుల్లోనే చేదెక్కిస్తుంది. జొన్న కాస్త నయం. కాబట్టి పిండి ప్యాకెట్లు కాదు, గింజలే ఇవ్వాలి. గింజలు ఇస్తే ఊళ్లో పిండిమర ఉండాలి, కొర్రా సామా ఇస్తే పొట్టు తీసే చిన్న మిల్లు కూడా ఉండాలి. వరి మిల్లులు మండలానికి బోలెడున్నాయి, వీటిని పెట్టినవాళ్లు చాలా తక్కువ.