కొత్త ఆల్బమ్ నచ్చకపోతే "వాళ్ళు కష్టపడలేదు" అనెయ్యడమేనా? మెటాలికా గోల మీద ఒక స్టూడియోవాడి అపోహలు - వాస్తవాలు

బరంపురంలో రాక్ వినేవాళ్ళు మరీ ఎక్కువేం లేరు. ఉన్నవాళ్ళలో సగం మంది మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నా స్టూడియోకి వస్తారు, ఎందుకంటే ఈ చుట్టుపక్కల గిటార్ యాంప్ ముందు మైకు పెట్టి ఓపిగ్గా రికార్డ్ చేసేవాళ్ళు తక్కువ. పొద్దున్న భజన పాటలు, మధ్యాహ్నం ఎవరో మెలోడీ పార్టీ వాళ్ళ ఒడియా ట్రాకు, సాయంత్రం కాలేజీ బ్యాండు, ఇదీ నా పని. ఆ కాలేజీ బ్యాండు వాళ్ళు కేబుల్స్ చుట్టుకుంటూ కూర్చుంటే మొదలయ్యే గొడవ ఒకటే గొడవ. 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బమ్‌తో అమెరికా హెవీ మెటల్ బ్యాండు మెటాలికా పని అయిపోయింది, ఇప్పుడు డబ్బులొచ్చేశాయి కాబట్టి కష్టపడట్లేదు, ఏదో చుట్టేసి ఇచ్చేస్తున్నారు అని. ఒడియా కుర్రాళ్ళు నన్ను భాయినా అంటారు, మనవాళ్ళు అన్నా అంటారు, ఈ డైలాగ్ దగ్గర మాత్రం ఇద్దరికీ ఏ తేడా లేదు.

నచ్చలేదు అనండి, నాకేం గొడవ లేదు, నాకూ అన్నీ నచ్చవు. కష్టపడలేదు అన్నప్పుడే నాకు చిరాకేస్తుంది. అది మెటాలికాకి తగిలే మాట కాదు, వాళ్ళకేం నష్టం లేదు. నష్టం ఎవరికో కింద చెప్తాను.

అపోహ: పాతవన్నీ కడుపులోంచి అలా తన్నుకొచ్చేశాయి, కొత్తవాటికి ఎఫర్ట్ పెట్టలేదు అందుకే ఇలా ఉన్నాయి.

వాస్తవం: సరిగ్గా తిరగేసి చెప్తున్నారు. మీరందరూ దేవుడి ప్రసాదంలా చూసే ఆ బ్లాక్ ఆల్బమ్ ఉంది కదా, అది 1990 అక్టోబర్‌లో మొదలెట్టి 1991 జూన్ దాకా లాస్ ఏంజిలిస్‌లో వన్ ఆన్ వన్ స్టూడియోలో సాగదీసి సాగదీసి చేసిన పని. ప్రొడ్యూసర్ బాబ్ రాక్‌తో రోజూ తగువులు, మూడుసార్లు మిక్సింగ్, ఖర్చు దాదాపు పది లక్షల డాలర్లు. డ్రమ్స్ ఒక్క టేకులో వాయించింది కాదు, బోలెడు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి టేపు కోసి అతికించినవి. దానికి ముందు మాస్టర్ ఆఫ్ పప్పెట్స్ ఆల్బమ్ తీసుకోండి, 1985 వేసవిలో కాలిఫోర్నియాలో ఎల్ సెరిటోలో గరాజ్‌లో కూర్చుని పాటలు చాలావరకు ముందే కట్టి డెమోలు (నమూనా రికార్డింగులు) చేసుకుని, అప్పుడు సెప్టెంబర్‌లో కోపెన్‌హేగన్ వెళ్ళి డిసెంబర్ దాకా రికార్డ్ చేశారు. ఇందులో తన్నుకొచ్చింది ఎక్కడుందో నాకైతే కనపడట్లేదు.

ఇప్పుడు మీరు తిట్టే వాటి సంగతి చూడండి. సెయింట్ యాంగర్ ఆల్బమ్ 2001లో మొదలైంది, బేస్ వాయించేవాడు అప్పటికే బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు, మధ్యలో పాడే హెట్‌ఫీల్డ్ రీహాబ్‌కి (వ్యసనం మాన్పించే చోటికి) వెళ్ళాడు, బ్యాండు ఉంటుందో ఊడుతుందో తెలీని పరిస్థితి, అయినా కిందామీదా పడి 2003లో తెచ్చారు. ఆ పాట్లన్నీ డాక్యుమెంటరీగా కూడా వచ్చాయి, చూసినవాడెవడూ కష్టపడలేదు అనడు. 72 సీజన్స్ ఆల్బమ్ కరోనా టైములో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని జూమ్‌లో మొదలెట్టిన పని, 2023లో వచ్చింది. గిటారిస్టు హామెట్ అయితే 2014లో కోపెన్‌హేగన్ ఎయిర్‌పోర్టులో ఫోన్ పోగొట్టుకున్నాడు, అందులో రెండొందల యాభై దాకా రిఫ్‌లు (పాటకి మూలమయ్యే చిన్న గిటార్ ముక్కలు), బ్యాకప్ లేదు, 2016 ఆల్బమ్‌లో పాటలు రాసినవాళ్ళలో ఆయన పేరే లేకుండా పోయింది. (బ్యాకప్ తీసుకోండ్రా బాబూ, అంత పెద్దవాళ్ళకే దిక్కు లేదు.) అన్ని రిఫ్‌లు ఫోన్‌లో పోగేసినవాణ్ణి బద్ధకస్తుడు అని ఏ నోటితో అంటారు?

మరి తేడా ఎందుకు వినపడుతుంది అంటే, నా లెక్కలో అది తీసెయ్యడంలో వచ్చిన తేడా. పాత ఎల్పీ రికార్డు మీద ఒక వైపు ఇరవై రెండు, ఇరవై అయిదు నిమిషాలు దాటితే గాడులు ఇరుకైపోయి లెవెల్ తగ్గించాల్సి వస్తుంది, సౌండ్ పలచబడుతుంది. కాబట్టి ఇష్టం ఉన్నా లేకపోయినా పాటలు పక్కన పడెయ్యాల్సిందే. రైడ్ ద లైట్నింగ్ 8 పాటలు, 47 నిమిషాలు. మాస్టర్ ఆఫ్ పప్పెట్స్ కూడా 8 పాటలే, 55 నిమిషాలు, అప్పటికే ఎల్పీకి అది ఎక్కువ. తర్వాత సీడీ రాజ్యం వచ్చింది, దాదాపు 80 నిమిషాలు పడతాయి, ఇంకేం, 1996లో లోడ్ 14 పాటలు, 79 నిమిషాలు, అదీ చివరి పాట తోక కత్తిరిస్తే గాని సీడీలో పట్టలేదు. 2016 ఆల్బమ్ 12 పాటలు 77 నిమిషాలు, 72 సీజన్స్ కూడా 12 పాటలు 77 నిమిషాలు. ఈ రెండిట్లోంచీ నాలుగేసి పాటలు తీసేసి వినండి ఒకసారి. నేను విన్నాను, మిగిలింది గట్టి సరుకే. ఇది వద్దు, ఈ ముక్క రెండుసార్లు చాలు అని మొహం మీద చెప్పే మనిషి 1991లో గదిలో ఉన్నాడు, ఇప్పుడు లేడేమో అని నా అనుమానం. నలభై ఏళ్ళు నిలబడ్డ బ్యాండుకి వద్దు అని ఎవడు చెప్తాడు చెప్పండి.

సరే, నష్టం ఎవరికి అన్నాను కదా. మన కుర్రాళ్ళకి. పాత గొప్ప పాటలు వాటంతటవే వచ్చేశాయి అని నమ్మినవాడు తన పాట కూడా అలాగే రావాలనుకుంటాడు. పర్లాకిమిడి వైపు నుంచి ఒక బ్యాండు వచ్చింది, నలుగురు, గిటార్లు భుజాన వేసుకుని బస్సు దిగి తిన్నగా స్టూడియోకే. డెమో ఏదిరా అంటే లేదు అన్నా, ఇక్కడే ఫీల్‌లో చేద్దాం అన్నారు. గంటల లెక్కన డబ్బు కట్టి ఫీల్ కోసం కూర్చున్నారు. బ్రిడ్జ్ (పాట మధ్యలో మలుపు ముక్క) ఎన్ని బార్లో (తాళం ఆవర్తాలో) నలుగురికీ నాలుగు లెక్కలు, డ్రమ్స్ వాయించేవాడు పాపం చెమటలు కక్కుతున్నాడు, అక్కడ గడియారం తిరుగుతోంది. పాట మాత్రం బాగుంది, నిజంగా బాగుంది, కాకపోతే ఏడు నిమిషాలు, అందులో మొదటి రెండు నిమిషాలు ఇంట్రోయే. తగ్గించండ్రా అన్నాను. మాస్టర్ ఆఫ్ పప్పెట్స్ పాట ఎనిమిదిన్నర నిమిషాలు కదా అన్నా అన్నాడొకడు. ఒరే నాయనా, వాళ్ళు ఆ ఎనిమిదిన్నర నిమిషాల్లో ఏ సెకనుకి ఏం వస్తుందో ఇంటి దగ్గరే తేల్చుకుని స్టూడియోకి వెళ్ళారు, మీరు నా గదిలో తేల్చుకుంటున్నారు, మీటర్ మీదే కదా! పాట సగంలో ఆగింది, డబ్బులయిపోయాయి, వెళ్ళిపోయారు. తర్వాత బ్యాండే లేదని తెలిసింది. అందులో ఒకడు మనలో అసలు సరుకు లేదేమో అన్నా అని మెసేజ్ పెట్టాడు. సరుకు లేక కాదురా, తయారీ లేక. ఇది వాడికి అప్పుడు ఎంత చెప్పినా ఎక్కలేదు.

ఇంకో రకం కూడా ఉంది, వీళ్ళని చూస్తే జాలేస్తుంది. మొదటి పాట బాగా వచ్చింది, స్నేహితులందరూ మెచ్చుకున్నారు, రెండోది అంత రాలేదు, అంతే, ఇరవై ఏళ్ళకే నా పని అయిపోయింది అన్నట్టు తల పట్టుకు కూర్చుంటారు. బాబూ, మొదటి పాట వెనక నీకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి విన్న సంగీతమంతా ఉంది, రెండోదానికి రెండు నెలలు కూడా ఇవ్వలేదు నువ్వు. ఒక కుర్రాడి అమ్మగారు నాకే ఫోన్ చేశారు, "బాబూ, మావాడు రోజంతా తలుపేసుకుని అదే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాడు, ఏటైనా అయిందేటి వాడికి?" అని. ఏమీ అవ్వలేదమ్మా, వాడు చేస్తున్నదే అసలు పని, వేళకి అన్నం పెట్టండి చాలు అన్నాను. ఆవిడ నవ్వలేదు, భయంగానే ఉంది ఆవిడకి, నాకర్థమైంది. ఇంట్లో ఎవరూ చెయ్యని పని వాడు చేస్తుంటే భయం వెయ్యదా మరి.

అపోహ: డెత్ మాగ్నెటిక్ సౌండ్ చండాలంగా ఉంది అంటే వాళ్ళు వాయించడం మర్చిపోయారు.

వాస్తవం: వాయించడం బ్రహ్మాండంగా ఉంది. 2008లో ఆ సీడీని వాల్యూమ్ కోసం పిండేశారు, లిమిటర్‌లో (శబ్దాన్ని హద్దు దాటకుండా నొక్కేదాంట్లో) నలిగి నలిగి క్లిప్పింగ్ (అంచులు తెగి బరబరమనడం) వచ్చేసింది, వేవ్‌ఫారం చూస్తే తలా తోకా లేకుండా నిలువునా దిమ్మ. మాస్టరింగ్ (విడుదలకి ముందు ఆఖరి మెరుగు) చేసిన టెడ్ జెన్సెన్ మీద పడ్డారు అందరూ, ఆయనేమో నా దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు అలా నలిగి ఉన్నాయి అన్నాడు. తమాషా ఏంటంటే అదే ఆల్బమ్ గిటార్ హీరో గేమ్‌లో కూడా వచ్చింది, అందులో అంత పిండలేదు, అదే వాయింపు, అవే పాటలు, స్నేర్ డ్రమ్ కొడితే గుండెల్లో తగులుతుంది. పెళ్ళివాళ్ళందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినపడదు చూడండి, అదే జరిగింది సీడీలో. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ళు వాయించినప్పుడు నేనున్నాను, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వెళ్ళాను. (దానికి రెండ్రోజుల ముందు జరగాల్సిన గుర్గావ్ షో రద్దయిపోయింది, ఇది కూడా పోతుందేమో అని దారంతా ఒకటే గాభరా.) ఆ రోజు కిక్ డ్రమ్ కొట్టిన ప్రతిసారీ షర్టు కదిలింది, వీళ్ళకా వాయించడం రానిది!

ఇందులోనూ మనవాళ్ళకి డబ్బు నష్టం ఉంది. ఇంకా లౌడ్ చెయ్యి అన్నా, దానికి ఎక్స్‌ట్రా ఇస్తాం అంటారు. వద్దు, ఇవ్వకండి. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత లౌడ్‌గా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చేస్తుంది, యూట్యూబ్ కూడా లౌడ్‌గా ఉన్నదాన్ని దించేస్తుంది. మీరు డబ్బిచ్చి పెంచిన వాల్యూమ్ వాళ్ళు ఊరికే తగ్గించేస్తారు, నలిగిన స్నేర్ మాత్రం నలిగినట్టే ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను, వీటి మీద ఎక్కువ టైము పెట్టడం నాకిష్టం లేదు.

అపోహ: సెయింట్ యాంగర్‌లో స్నేర్ డబ్బా మోత రికార్డింగ్ పొరపాటు. కాదు. డ్రమ్మర్ స్నేర్ కింద వైర్లు వదులుగా ఉండగా వాయించాడు, ఆ మోత నచ్చి అలాగే ఉంచారు. నాకు నచ్చదు, కానీ తెలిసి ఉంచిన మోతే.

అపోహ: ఇప్పుడంతా కంప్యూటర్‌లో అతికిస్తున్నారు, అప్పుడు నిజాయితీగా వాయించారు. పైన టేపు అన్నాను కదా, బ్లేడుతో కోసి అతికించేవాళ్ళు. అది కంప్యూటర్ కన్నా నరకం.

అపోహ: లైవ్‌లో ట్యూనింగ్ అర మెట్టు దించుతున్నారు అంటే మోసం. అరవై దాటిన మనిషి ప్రపంచమంతా తిరుగుతూ రెండేసి గంటలు పాడాలి, గొంతు ఉండొద్దా? పైగా అది ఇప్పుడు కొత్తగా మొదలైందేం కాదు, ఎన్నో ఏళ్ళ నుంచి అలాగే చేస్తున్నారు.

అపోహ: అప్పట్లో ప్రతి ఆల్బమ్‌నీ ఫ్యాన్సంతా ఏకమాటగా ఒప్పుకున్నారు. ఎప్పుడు? 1984లో నెమ్మదిగా అకూస్టిక్ గిటార్‌తో ఒక పాట మొదలెట్టినందుకే అమ్ముడుపోయారు అన్నారు. 1988 ఆల్బమ్‌లో బేస్ వినపడట్లేదని ఇప్పటికీ ఏడుస్తున్నారు, ఆ మాట మాత్రం నిజమే. 1991లో బ్లాక్ ఆల్బమ్‌ని కూడా తిట్టారు, ఇప్పుడు మీరు దండం పెడుతున్నది దానికే.

అపోహ: ముసలివాళ్ళకి కొత్త పాటలు రావు. ఇంగ్లండు రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ 2005 తర్వాత సొంత పాటలతో ఆల్బమ్ 2023లో తెచ్చారు, పాడే జాగర్‌కి అప్పుడు ఎనభై. మధ్యలో 2021లో వాళ్ళ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పోయాడు, ఆయన వాయించిన ముక్కలు కూడా అందులో ఉన్నాయి. విని నచ్చకపోతే నచ్చలేదనండి, రావు అనకండి.

ఇక నా దగ్గరికి వచ్చేవాళ్ళకి. ఫోన్‌లో అయినా సరే డెమో చేసుకుని రండి. పాట ఎన్ని బార్లో కాయితం మీద రాసి నలుగురి దగ్గరా తలో కాపీ పెట్టుకోండి. క్లిక్‌తో (చెవిలో టిక్ టిక్‌మనే తాళంతో) వాయించడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. గిటార్‌కి కొత్త తీగలు రెండ్రోజుల ముందు వెయ్యండి, బయల్దేరే రోజు పొద్దున్న కాదు. ఏడు నిమిషాల పాట అయితే అయిదు నిమిషాల వెర్షన్ ఒకటి కూడా తయారుచేసి తెండి, రెండూ విని చూద్దాం, ఏడే బాగుంటే ఏడే ఉంచుదాం, నాకేం పట్టుదల లేదు. ఠాకురాణి జాత్ర రోజుల్లో మాత్రం లైవ్ డ్రమ్స్‌కి బుక్ చెయ్యకండి, వీధిలో డప్పులు నా గోడలు దాటి మైకుల్లోకి వచ్చేస్తాయి.